స్థాయికి మించిన స్ఫురణ

మా ఆఫీసులో చాలా ఏళ్లుగా ఎవరికీ ఏమీ తట్టలేదు. అందువల్ల అందరం సుఖంగా ఉన్నాం. ఫైలు వస్తే పక్క బల్లకి పంపడం, ఆ పక్కవాడు సెలవులో ఉంటే అతను వచ్చేదాకా దానిమీద పేపర్‌వెయిట్ పెట్టి ఉంచడం, ఇదే మా పద్ధతి. తాటిచెట్టు ఎదగడానికి ఎంత కాలం పడుతుందో మా దగ్గర ఫైలు కదలడానికీ అంతే పడుతుందని జనం అనేవారు. మాది తాటి ఉత్పత్తుల అభివృద్ధి సంస్థ గనక ఆ మాటని మేం పొగడ్తగానే తీసుకునేవాళ్లం.

నా పేరు పేర్రాజు. ఆ సంస్థలో సూపరింటెండెంటుని. పెరట్లో ఉన్న గోదాము తాళంచెవి నా జేబులో ఉంటుంది. నా ఉద్యోగంలో బరువున్న వస్తువు అదొక్కటే.

ఇంతలో మా ఎం.డి. మార్తాండరావు గారు ఎక్కడో కొండల మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పటికి మెడలో ఓ బిళ్ల, చేతిలో ఓ సంచి, నోట్లో కొత్త భాష. దిగీ దిగగానే మీటింగు పెట్టారు.

“మిత్రులారా! మన సంస్థ వెనకబాటుకి మూలకారణం నేను కనుక్కున్నాను. మనకి ఆలోచనలు రాక కాదు. వచ్చిన ఆలోచనని ఏ మాటతో పిలవాలో స్పష్టమైన మార్గదర్శకాలు లేక! ఒక ఉద్యోగి వచ్చి ‘సార్, నాకో ఐడియా’ అంటాడు. అది ఏ స్థాయి ఐడియా? నేను కూర్చుని వినాలా, నిలబడి వినాలా, వినకపోయినా పర్వాలేదా? ఈ అస్పష్టత వల్ల జాతి ఎంత నష్టపోతోందో మీరెప్పుడైనా ఆలోచించారా?”

ఆలోచించలేదని అందరం నిజాయితీగా తల ఊపాం.

మర్నాడే వ్యాఘ్రేశ్వరశర్మ గారు వచ్చి చేరారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయనకి ‘పదనిర్ధారణ సలహాదారు’ అని పదవి, కిటికీ పక్కన కుర్చీ ఇచ్చారు. ఆయన పంచె సర్దుకుని మా అందరి వైపూ కాపీ కొట్టే పిల్లల్ని చూసినట్టు చూశారు.

“అకస్మాత్తుగా కలిగెడు భావములకు మన భాషలో మాటల కొరత లేదు. క్రమశిక్షణకే కొరత. ఎవడు పడితే వాడు ‘నాకు స్ఫురించినది’ అనుచున్నాడు. టీ తెచ్చువానికి స్ఫురణ యేమిటి? చోద్యము గాదా?”

టీ తెచ్చే అప్పలకొండ అప్పుడే టీ తెచ్చాడు. “నేనెప్పుడూ అన్లేదండి బాబూ, ఒట్టు” అన్నాడు భయపడి.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట అటెండర్లకు తోచును. జూనియర్ అసిస్టెంట్లకు తట్టును. సూపరింటెండెంట్లకు మెదులును. మేనేజరుకు స్ఫురించును. ఎం.డి. గారికి జ్ఞానోదయమగును. ఒక స్థాయివారికి పై స్థాయి ఆలోచన కలిగిన యెడల దానిని తక్షణమే పై అధికారికి అప్పగించి, తాము మరచిపోవలెను.

“మెదలడం అంటే నా మటుకు ఏవిటండీ?” అని శర్మ గారిని అడిగాను.

“లోపల కదులును, వెలికి రాదు. మీ పదవికి అంతకుమించి ప్రమాదము.”

ఇంటికెళ్లి ఆలోచిస్తే ఆయన అన్నది నిజమే అనిపించింది. నా సర్వీసంతా అలాగే గడిచింది. ఇందులో ఒక్కటే చిక్కు. మా సంస్థలో మేనేజరు పోస్టు ఎప్పట్నుంచో ఖాళీ. కనక సర్క్యులర్ ప్రకారం స్ఫురణ కూడా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ భర్తీ చేయమని ఎం.డి. గారు పైకి రాశారు. పైవాళ్లకి ఇంకా జ్ఞానోదయం కాలేదు.

తర్వాత ప్రతి బల్ల మీదా ఒక బల్బు వెలిసింది. ఆలోచన వచ్చిన వెంటనే స్విచ్ వేయాలి. బల్బు వెలగాలి. శర్మ గారు వచ్చి పరీక్ష చేసి, తోచిందో తట్టిందో తేల్చాలి. బల్బు వెలగని ఆలోచన చెల్లదు. హాలు చివర అద్దాల గది కట్టి, దానికి ‘జ్ఞానోదయ మందిరం’ అని బోర్డు పెట్టి, లోపల ఓ మెత్తటి కుర్చీ, నెత్తిమీద పెద్ద బల్బు అమర్చారు. అది ఎం.డి. గారికి మాత్రమే.

మొదటి నెల అంతా బల్బులు వెలిగించినవాడు అప్పలకొండ. పొద్దున్నే తన స్టూలు పక్కన బల్బు వేసేవాడు.

“ఏమి తోచినది?”

“టీ తాగాలని తోచిందండి.”

“భేష్! స్థాయికి తగిన భావము!” అని శర్మ గారు మెచ్చుకునేవారు. మధ్యాహ్నం మళ్లీ వేసేవాడు. అప్పుడు కునుకు తీయాలని తోచేది. నెలాఖరుకి ఉత్తమ ఆలోచనాపరుడిగా అతనికి శాలువా కప్పారు.

మంగతాయారు మాత్రం చిక్కుల్లో పడింది. ఆవిడ మా జూనియర్ అసిస్టెంటు. కిటికీలోంచి ఎండ మొహాన కొడుతోందని ఒకరోజు తన బల్లని కాస్త పక్కకి జరుపుకుంది. శర్మ గారు చూసి అదిరిపడ్డారు.

“ఎండ వచ్చుచున్నదని గమనించి, ఇంకను వచ్చునని ఊహించి, బల్లను జరిపితివా?”

“ఏవుందండీ ఇందులో? మొహం మాడిపోతుంటే జరుపుకున్నాను.”

“రాబోవు కీడును ముందే గ్రహించి నివారించుట తట్టుట కాదమ్మా. అచ్చమైన స్ఫురణ!”

సాయంత్రానికి ఆవిడ చేతికి మెమో వచ్చింది. స్థాయికి మించి స్ఫురింపజేసుకున్నందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలెను. బల్ల మళ్లీ ఎండలోకి వెళ్లింది. మర్నాటి నుంచి ఆవిడ గొడుగు వేసుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. గొడుగు ఎవరి ఆలోచన అని విచారణ జరిగింది. మా అత్తగారు చేతికిచ్చి పంపారండీ అంది. అత్తగారికి తట్టినవి సంస్థ పరిధిలోకి రావని శర్మ గారు తేల్చారు. ఆయన కాస్త దయగల మనిషని నాకు ఆరోజే అర్థమైంది.

ఇలా రోజులు బల్బుల వెలుగులో సాగుతుండగా నూకరత్నం వచ్చింది.

మేడిశెట్టి నూకరత్నం తాటిబెల్లం కాచే ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఎండాకాలమంతా పొయ్యిల ముందు కూర్చుని, నీరా కాచి, కలియబెట్టి, చిప్పల్లో పోసి ఆరబెట్టిన బెల్లం మొత్తం మా గోదాములో దింపింది. దాన్ని కొనేవాళ్ల లారీ సోమవారం రావాలి. మా నిబంధన ఏమిటంటే, లారీ ఎక్కేదాకా బెల్లం వాళ్లది, తాళం మాది. మధ్యలో ఏమైనా అయితే నష్టం వాళ్లకి, విచారం మాకు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ పరుగు పరుగున నా బల్ల దగ్గరికి వచ్చింది.

“పేర్రాజు గారూ, కొంప మునిగిందండి! కోతులు మీ గోదాం పెంకులు పీకేసినియ్యి. కిటికీలోంచి చూత్తే పైన ఆకాశం కనపడిపోతంది. తూరుపంతా మబ్బట్టేసింది. ఓ బరకం కప్పించండి బాబూ. చుక్క పడిందంటే బెల్లం నీరైపోద్ది.”

నాకు వెంటనే మెదిలింది. గోదాములోనే ఓ మూల కొత్త టార్పాలిన్ బరకాలు చుట్ట చుట్టి ఉన్నాయి. తాళం నా జేబులో ఉంది. నిచ్చెన గోడకి జారేసి ఉంది. టీ చల్లారేలోపు అయిపోయే పని. మంగతాయారు గొడుగు కిందినుంచి తల పైకెత్తింది. ఆవిడకీ తట్టిందని కళ్లే చెప్పాయి. అప్పలకొండ అయితే నోరు తెరిచి, శాలువా గుర్తొచ్చి మూసుకున్నాడు. ఆ క్షణంలో హాల్లో ఆ ఆలోచన రానివాడు ఒక్కడూ లేడు. బల్బు వేసినవాడు కూడా ఒక్కడూ లేడు.

ఎందుకంటే అందరికీ మంగతాయారు బల్ల గుర్తుంది.

శర్మ గారు లేచి వచ్చారు. “వాన రాలేదు. వచ్చునని ఊహించి, బెల్లము కరగునని గ్రహించి, ముందే కప్పుట. ఇది నిస్సందేహముగా స్ఫురణ. మేనేజరు పదవి ఖాళీ. కావున ఈ సంస్థలో ఈ ఆలోచన ఎవ్వరికిని కలుగుటకు వీలులేదు.”

నూకరత్నానికి అర్థం కాలేదు. “ఆలోచనేటండీ దీన్లో! వానొత్తే కప్పుతాం. మా ఇంటికాడ వడియాలకే కప్పుతాం.”

“వడియములకు కప్పుట గృహస్థాయి. బెల్లమునకు కప్పుట సంస్థాస్థాయి. రెండింటికిని పొంతన లేదు తల్లీ.”

ఆవిణ్ణి ఎం.డి. గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టారు.

“అమ్మా, మీ ఆందోళనని సంస్థ సానుకూలంగా పరిగణిస్తోంది. అయితే మీరు బయటి వ్యక్తి. బయటివారి ఆలోచన స్వీకరించాలంటే పేపర్లో ప్రకటన ఇవ్వాలి. బరకం కన్నా మెరుగైన ఆలోచన ఇంకెవరైనా తక్కువకి ఇస్తారేమో చూడాలి కదా?”

“అయితే తాళం ఇప్పించండి. నేనే కప్పుకుంటాను.”

“సంస్థ తాళం సంస్థ ఉద్యోగే తీయాలి. తీయాలంటే ఆ ఉద్యోగికి తీయాలనిపించాలి. అనిపిస్తే అది ఏ స్థాయో తేల్చాలి.”

“పోనీ మీకే స్ఫురించకూడదా సార్?” అన్నాను నేను.

ఎం.డి. గారు నొచ్చుకున్నారు. “పేర్రాజు గారూ! నాకు జ్ఞానోదయం కావచ్చు గానీ, స్ఫురించకూడదు. రేపు ఎవరైనా నన్ను మేనేజరనుకుంటారు.” అంతలో ఆయన ముఖం వికసించింది. “ఆగండి. ఇదే విషయంలో నాకు జ్ఞానోదయం అయితే? మందిరం ఉంది కదా!”

అందరం ఆయన వెంట అద్దాల గది దాకా నడిచాం. ఆయన లోపలికెళ్లి మెత్తటి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. మేం బయట నిలబడ్డాం. బయట ఈదురుగాలి లేచింది. నూకరత్నం నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి, “అయింది! బరకం!” అని గర్జించి స్విచ్ వేశారు.

బల్బు వెలగలేదు. గాలికి కరెంటు పోయింది.

“బల్బు వెలగని జ్ఞానోదయము చెల్లదు” అన్నారు శర్మ గారు, చాలా బాధగా. “నిబంధన తమరు పెట్టినదే.”

“అవును” అన్నారు ఎం.డి. గారు, అంతకంటే బాధగా. “కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయండి. అందాకా నాకు ఏమీ కానట్టే.”

అప్పుడే గోదాము కిటికీలోంచి తొంగిచూసొచ్చిన అప్పలకొండ పెరటి గుమ్మంలోంచి కేక పెట్టాడు. “చుక్క పడిందండి! బెల్లం మీద చుక్క పడింది! చీమలు కూడా బారు కట్టినియ్యండి!”

“చీమలకి ఎవరు అనుమతి ఇచ్చారు?” అన్నారు ఎం.డి. గారు అలవాటుగా.

నూకరత్నం వెళ్లి గోదాము మెట్ల మీద కూర్చుంది. నేనూ వెనకే వెళ్లాను. ఆవిడ చేతుల మీద పాకం చింది కాలిన మచ్చలున్నాయి. కొన్ని పాతవి, కొన్ని ఈ ఏటివి. “మా వోళ్లకి ఏం చెప్పనండి? కోతులు పీకినియ్యని చెప్పనా, పెద్దోళ్లకి కరెంటు లేదని చెప్పనా?” అంది. నా జేబులో తాళంచెవి తొడకి గుచ్చుకుంటోంది. నాకు సిగ్గేసింది. ఇంత వయసొచ్చి, ఇంత సర్వీసు చేసి, ఓ బరకం కప్పడానికి బల్బు కోసం చూస్తున్నానేమిటి అనిపించింది.

అలా నిలబడి ఉంటే పాత సంగతొకటి గుర్తుకొచ్చింది. మా దగ్గర రామభద్రం అని ఓ గుమాస్తా ఉండేవాడు. ఒకసారి లారీడు తేగలు ఒక జిల్లాకి పంపబోయి ఇంకో జిల్లాకి పంపాడు. ఎవరూ ముందు అనుమతి అడగలేదు, మధ్యలో ఆపలేదు. కుళ్లిపోయాక సంజాయిషీ అడిగారు. రాశాడు. పుచ్చుకున్నారు. అంతే. అదే రామభద్రం గోదాము తలుపుకి కొత్త గొళ్లెం వేయిస్తానని అనుమతి కోరితే, రిటైరయ్యేదాకా జవాబు రాలేదు. మా సంస్థలో మంచి పనికి ముందు అనుమతి కావాలి. చెడ్డ పనికి తర్వాత సంజాయిషీ చాలు. ఇది ఏ సర్క్యులర్‌లోనూ లేదు గానీ అందరం దీనిమీదే బతుకుతున్నాం.

నేను గబగబా వెనక్కి వెళ్లి ఎం.డి. గారి ముందు నిలబడ్డాను.

“సార్, నేనొక తప్పు చేయబోతున్నాను.”

ఆయన ముఖంలో చీకటి పోయింది. “తప్పా? ఆలోచన కాదు కదా?”

“అబ్బే. ఆలోచనుంటే ఇలాంటి పని చేస్తానా సార్?”

“అయితే సర్క్యులర్ వర్తించదు! తప్పుకి ముందస్తు అనుమతి ఎక్కడా లేదు. మీరు నిరభ్యంతరంగా చేయండి. సంజాయిషీ మాత్రం తీసుకుంటాను, ఊరుకోను.”

“తప్పకుండా ఇస్తాను సార్.”

తాళం తీశాను. వెనకాల అడుగుల చప్పుడైంది. చూస్తే మంగతాయారు గొడుగు మడిచి పారేసి వస్తోంది. “నేనూ ఓ తప్పు చేస్తానండీ, నిచ్చెన పట్టుకుంటాను. ఎలాగూ ఒక మెమో ఉంది, ఇంకోటి తోడవుతుంది.” అప్పలకొండ, “నాకైతే ఏవీ తోచట్లేదండి, ఊరికే వత్తన్నాను” అంటూ బరకం చుట్ట భుజానికెత్తుకున్నాడు. చివరికి శర్మ గారు కూడా పంచె ఎగ్గట్టారు.

“జీవితమున ఒక్క తప్పైనను చేసి యెరుగను. చేయవలెనని చిరకాల వాంఛ” అని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెండో మెట్టు దగ్గర “అమ్మో” అని దిగిపోయి, కింద నిలబడి ఎటు లాగాలో చెప్పసాగారు. చెప్పింది తెలుగే గానీ ఎవరికీ అర్థం కాలేదు.

నూకరత్నం కొంగు నడుముకి చుట్టి మా అందరికన్నా ముందే పైకెక్కేసింది. ఎం.డి. గారు గుమ్మంలో నిలబడి చూశారు. గాలికి బరకం ఒక కొస ఎగిరిపోతుంటే ఉండబట్టలేక వచ్చి తాడు పట్టుకున్నారు. పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. “నేనేమీ చూడలేదు” అని పదే పదే అంటూ తాడుని మాత్రం వదల్లేదు.

కొస ముడి వేసేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన దిగింది. పైవరసలో నాలుగైదు చిప్పల బెల్లం మెత్తబడింది. మిగిలిందంతా పొడిగా ఉంది. నూకరత్నం తడిసి ముద్దై, నవ్వి, ఓ పెద్ద బెల్లం ముద్ద తాటాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. “మంచి పొరపాటు చేసేరండి పేర్రాజు గారూ. ఏడాదికోసారి ఇలాంటిది చేత్తా ఉండండి” అంది.

సోమవారం లారీ వచ్చి బెల్లం తీసుకెళ్లింది. నేను సంజాయిషీ రాశాను. బరకములను ఎండలో ఆరవేయబోయి, ఆ సమయమున ఎండ లేకపోవుటను గమనింపక, దృష్టిలోపము వలన కప్పుపై పరచితిని, క్షమింపగలరు. ఎం.డి. గారు ఇకముందు జాగ్రత్తగా ఉండమని మందలించి ఫైలు మూసేశారు.

ఆ తర్వాత మా ఆఫీసు మారిపోయింది. మంగతాయారు బల్ల ఊడ్చేటప్పుడు పొరపాటున నీడలోకి జరిగిపోయింది. గోదాము పెంకులు ఎవరో మతిమరుపు వల్ల కొత్తవి నేయించారు. ఎప్పట్నుంచో ఉన్న ఫైళ్లు గాబరాలో సంతకాలు పడి వెళ్లిపోయాయి. జనం వచ్చి పని అయిపోయిందని తెలిసి నమ్మలేక కాసేపు కూర్చుని వెళ్లేవారు. మా అందరి దగ్గరా మందలింపులు పేరుకున్నాయి గానీ, మనసుకి హాయిగా ఉండేది. బల్బులు మాత్రం ఒక్కటీ వెలగలేదు. పొదుపుకి మాకు బహుమతి కూడా వచ్చింది.

అది చూసి ఎం.డి. గారికి ఒకనాటి పొద్దున, కరెంటు ఉండగా, మందిరంలో జ్ఞానోదయమైంది. పెద్ద బల్బు దేదీప్యమానంగా వెలిగింది. మళ్లీ మీటింగు.

“మిత్రులారా! ఈ సంస్థలో ఎవరు పడితే వారు తప్పు చేస్తున్నారు. ఏ స్థాయివారు ఏ తప్పు చేయాలో స్పష్టమైన మార్గదర్శకాలు లేవు! శర్మ గారూ!”

శర్మ గారు లేచి నిలబడ్డారు గానీ, పాపం, ఆయన గొంతులో మునుపటి ఊపు లేదు. అటెండర్లకు పొరపాటు. జూనియర్ అసిస్టెంట్లకు ఏమరుపాటు. సూపరింటెండెంట్లకు లోపము. అపరాధము మేనేజరుకు, పోస్టు ఖాళీ. ఘోరమైనవన్నీ ఎం.డి. గారికే. ఇకమీదట ఎవరు ఏ తప్పు చేయదలచినా ముందస్తు అనుమతి పొందవలెను.

సర్క్యులర్ టైపై, సంతకమై, ముద్రపడి, అందరికీ పంపమని నా బల్ల మీదికి వచ్చింది. ఒకటే ప్రతి. చదివాను. ఇది బయటికి వెళితే వచ్చే వానాకాలానికి నూకరత్నం మళ్లీ ఆ మెట్ల మీదే కూర్చుంటుంది. కిటికీలోంచి చూస్తే మా ప్రహరీ గోడ మీద కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. నాకు ఏమీ మెదల్లేదు. ఆ మాట ఎవరడిగినా చెప్పగలను. సొరుగులోంచి నూకరత్నం ఇచ్చిన బెల్లం ముద్ద తీసి, గాలికి ఎగిరిపోకుండా సర్క్యులర్ మీద బరువు పెట్టాను. కాస్త జిగురుగా ఉండి కాయితానికి అంటుకుంది. గాలాడటం లేదని కిటికీ రెక్క తెరిచాను. టీ తాగి వద్దామని లేచాను.

వచ్చేసరికి ముద్దా లేదు, కాయితమూ లేదు. గోడ మీద పెద్ద కోతి ఒకటి సంతకం దగ్గర శ్రద్ధగా నాకుతోంది.

ఇప్పుడు సంజాయిషీ రాయాలి. కలం పట్టుకుని కూర్చున్నాను గానీ ఎటూ పాలుపోవడం లేదు. ఇది పొరపాటా, ఏమరుపాటా, లోపమా? నా స్థాయికి ఏది తగునో తేల్చిచెప్పే కాయితం ఆ ఒక్కటే. అదేమో ఇప్పుడు కోతి చేతిలో, గోదాము పెంకుల మీద ఉంది.